తెగని గొలుసును కనుగొన్న మనిషి: టెఫ్లాన్ సృష్టికర్త రాయ్ ప్లంకెట్

న్యూఢిల్లీ: దోసె అంటుకోని పెనం మొదలుకొని యురేనియం శుద్ధి కర్మాగారాల గొట్టాల వరకు ఇరవయ్యో శతాబ్దపు జీవితంలో అన్ని చోట్లా చోటు సంపాదించుకున్న పదార్థం టెఫ్లాన్. ఆమ్లానికి కరగదు, క్షారానికి లొంగదు, నీటికి తడవదు. 1938లో దానిని అనుకోకుండా కనుగొన్న అమెరికన్ రసాయన శాస్త్రవేత్త రాయ్ ప్లంకెట్ 1994లో మరణించే నాటికి ఆ పదార్థపు మన్నికే లోకానికి ఆశ్చర్యం కలిగించేది. నేడు శాస్త్రవేత్తల ముందున్న ప్రశ్న తలకిందులైంది. కార్బన్, ఫ్లోరిన్‌ల మధ్య ఉన్న ఆ గట్టి బంధాన్ని నీటిలో తెంచడం ఎలా అన్నదే ఇప్పటి అన్వేషణ. దొరుకుతున్న సమాధానాల్లో రేడియేషన్ ముఖ్యమైనది. ప్లంకెట్ జీవితాన్ని ఈ ప్రశ్న వెలుగులో చూస్తే ఒక ఆవిష్కరణకు ఆరంభం ఎంత ముఖ్యమో, దాని అంతం గురించి ఆలోచించడం కూడా అంతే ముఖ్యమని తెలుస్తుంది.

ఒహాయో పల్లె నుంచి ప్రయోగశాలకు

రాయ్ ప్లంకెట్ 1910 జూన్ 26న అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, న్యూ కార్లైల్‌లో వ్యవసాయ కుటుంబంలో జన్మించారు. ఆయన చదువు సాగిన కాలం ఆర్థిక మాంద్యపు కాలం. ఇండియానా రాష్ట్రంలోని మాంచెస్టర్ కళాశాల నుంచి 1932లో పట్టా పొందారు. అక్కడ కొంతకాలం ఆయనతో ఒకే గదిలో ఉన్న విద్యార్థి పాల్ ఫ్లోరీ. పాలిమర్ల భౌతిక రసాయన శాస్త్రానికి పునాదులు వేసి 1974లో నోబెల్ బహుమతి అందుకున్న ఫ్లోరీ ఈయనే. ఇద్దరూ ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలోనే పరిశోధన చేశారు, ఇద్దరూ డ్యూపాంట్ సంస్థలోనే ఉద్యోగంలో చేరారు. పాలిమర్లను సిద్ధాంతపరంగా అర్థం చేసుకున్నవాడు ఒకరు. పాలిమర్ కోసం వెతకకుండానే జగత్ప్రసిద్ధమైన పాలిమర్‌ను చేతికందుకున్నవాడు మరొకరు.

1936లో డాక్టరేట్ పూర్తి చేసిన ప్లంకెట్‌ను డ్యూపాంట్ న్యూజెర్సీ రాష్ట్రం డీప్‌వాటర్‌లోని జాక్సన్ ప్రయోగశాలలో నియమించింది. ఆయనకు అప్పగించిన పని రిఫ్రిజిరేటర్ల కోసం కొత్త శీతలీకరణ వాయువులను తయారుచేయడం. అంతకుముందు ఫ్రిజ్‌లలో వాడిన అమ్మోనియా, సల్ఫర్ డయాక్సైడ్ విషపూరితమైనవి. వాటి స్థానంలో వచ్చిన ఫ్రియాన్ వాయువులు మంట అంటుకోనివి, విషరహితమైనవి. ఆ కుటుంబంలో మరో కొత్త సభ్యుణ్ణి తయారుచేసేందుకు ప్లంకెట్ ముడిసరుకుగా టెట్రాఫ్లోరోఎథిలీన్ అనే వాయువును ఎంచుకున్నారు. సుమారు 45 కిలోల వాయువును సిద్ధం చేసి, చిన్న చిన్న ఉక్కు సిలిండర్లలో నింపి, డ్రై ఐస్ మధ్య చల్లగా భద్రపరిచారు.

బరువు తగ్గని సిలిండర్

1938 ఏప్రిల్ 6న ప్లంకెట్, ఆయన సహాయకుడు జాక్ రెబోక్ ప్రయోగం కోసం ఒక సిలిండర్ మూత తిప్పారు. వాయువు రాలేదు. వాయువు కారిపోయి సిలిండర్ ఖాళీ అయిందని భావించి, దానిని పక్కన పడేసి మరొకటి తీసుకోవడానికి అడ్డేమీ లేదు. వారు దానిని తూకం వేశారు. బరువు నింపిన నాటిలాగే ఉంది. అంటే లోపలిది లోపలే ఉంది, కానీ వాయురూపంలో లేదు. మూత పూర్తిగా విప్పి సిలిండర్‌ను బోర్లించగా కొద్దిగా తెల్లటి పొడి రాలింది. తరువాత రంపంతో సిలిండర్‌ను కోసి చూస్తే లోపలి గోడలకు అదే పదార్థం మైనంలా అతుక్కుని కనిపించింది.

టెట్రాఫ్లోరోఎథిలీన్ అణువులు ఒకదానితో ఒకటి చేయి కలిపి పొడవైన గొలుసులుగా మారతాయని అప్పటి రసాయన శాస్త్రం ఊహించలేదు. ఇరవై ఏడేళ్ల ప్లంకెట్ ఆ పొడిని పరీక్షకు పెట్టారు. తమకు అందుబాటులో ఉన్న ద్రావణుల్లో అది కరగలేదు. గాఢమైన ఆమ్లాలు దానిని ఏమీ చేయలేకపోయాయి. వేడిని బాగా తట్టుకుంది. వేలికి తగిలితే జారిపోయేంత నునుపుగా ఉంది. ఏ పరిస్థితుల్లో ఆ గొలుసు ఏర్పడుతుందో కనిపెట్టి, 1939లో పేటెంటుకు దరఖాస్తు చేశారు. 1941 ఫిబ్రవరి 4న పేటెంటు మంజూరైంది. పాలీటెట్రాఫ్లోరోఎథిలీన్ అన్న నోరు తిరగని పేరుకు బదులుగా టెఫ్లాన్ అనే వాణిజ్యనామం 1945లో నమోదైంది.

ఆ పదార్థపు మన్నికకు కారణం దాని నిర్మాణంలోనే ఉంది. మధ్యలో కార్బన్ పరమాణువుల గొలుసు, దాని చుట్టూ ఒరలా ఫ్లోరిన్ పరమాణువులు. కర్బన రసాయన శాస్త్రంలో అత్యంత బలమైన ఏకబంధాల్లో కార్బన్-ఫ్లోరిన్ బంధం ఒకటి. దానిని విడదీయడానికి మోల్‌కు సుమారు 485 కిలోజౌళ్ల శక్తి కావాలి. ఏ రసాయనమైనా లోపలి గొలుసును తాకాలంటే ముందు ఆ ఫ్లోరిన్ ఒరను దాటాలి. దాటగలిగినవి చాలా అరుదు.

యుద్ధం తెచ్చిన అవసరం

తయారీ ఖర్చు ఎక్కువ కావడంతో ఈ కొత్త పదార్థానికి మొదట్లో గిరాకీ లేదు. రెండో ప్రపంచయుద్ధం ఆ పరిస్థితిని మార్చింది. అణుబాంబు తయారీకి చేపట్టిన మాన్‌హట్టన్ ప్రాజెక్టులో యురేనియాన్ని శుద్ధి చేయడానికి యురేనియం హెక్సాఫ్లోరైడ్ వాయువును వాడవలసి వచ్చింది. అది ముద్రలను, గొట్టాల అతుకులను, కవాటాలను తినేస్తుంది. దానిని నిబ్బరంగా తట్టుకున్న పదార్థం ప్లంకెట్ సిలిండర్‌లో దొరికిన తెల్లటి పొడి. యుద్ధం ముగిసేవరకు దాని ఉత్పత్తి రహస్యంగా సాగింది. 1946 నుంచి పౌర అవసరాలకు అందుబాటులోకి వచ్చింది. ఫ్రాన్స్‌లో మార్క్ గ్రెగార్ 1954లో దానిని అల్యూమినియం పాత్రకు పూయడంలో విజయం సాధించగా, 1956లో టెఫాల్ సంస్థ వెలసింది. అలా యుద్ధ రహస్యం వంటింటి సామాను అయింది. ఇంగ్లిషులో అంటుకోనిది అనే విశేషణం తెలుగింట నాన్‌స్టిక్ అనే నామవాచకంగా స్థిరపడి, నేడు అలా అడిగితే దుకాణదారు నేరుగా పెనమే చేతికిస్తాడు.

ప్లంకెట్ మాత్రం తన ఆవిష్కరణ వెంట ఎక్కువకాలం నడవలేదు. పాలిమర్ పరిశోధనను సంస్థ ఇతర విభాగాలకు అప్పగించింది. ఆయన 1939 నుంచి 1952 వరకు డ్యూపాంట్ ఛాంబర్స్ కర్మాగారంలో పెట్రోలులో కలిపే టెట్రాఎథిల్ లెడ్ ఉత్పత్తికి సంబంధించిన బాధ్యతల్లో ఉన్నారు. ఆ తరువాత ఫ్రియాన్ ఉత్పత్తుల విభాగంలో ఉన్నత పదవులు నిర్వహించి 1975లో పదవీ విరమణ చేశారు.

ఆ వృత్తి జీవితాన్ని నేడు తిరిగి చూస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. ఆయన చేతులమీదుగా సాగిన మూడు ఉత్పత్తులూ వాటి కాలంలో అద్భుతాలే, మూడూ తరువాతి తరాలకు సమస్యలయ్యాయి. సీసం కలిపిన పెట్రోలు ఇంజన్లను సాఫీగా నడిపించి పిల్లల రక్తంలో సీసాన్ని చేర్చింది. ఢిల్లీలో దాని అమ్మకం 1998లో, దేశమంతటా 2000లో ఆగిపోయింది. ప్రపంచంలో చివరిగా అల్జీరియా 2021లో దానికి స్వస్తి పలికింది. ఫ్రియాన్ వాయువులు ఓజోన్ పొరను హరిస్తాయని మోలినా, రోలండ్ 1974లో హెచ్చరించారు. అది ప్లంకెట్ పదవీ విరమణకు ముందు సంవత్సరం. 1987 నాటి మాంట్రియల్ ఒప్పందంతో వాటి ఉపసంహరణ మొదలైంది. మూడోదైన టెఫ్లాన్ చుట్టూ ప్రశ్నలు రావడానికి మరికొంత కాలం పట్టింది.

అజేయమైనదాని బలహీనత

దేనికీ లొంగదని పేరుపొందిన టెఫ్లాన్‌కు ఒక శత్రువు ఉందని అణు యుగపు తొలి దశకాల్లోనే తెలిసింది. అది అయనీకరణ రేడియేషన్. అణు కర్మాగారంలో రసాయన దాడికి తట్టుకున్న ఈ పదార్థం గామా కిరణాల ముందు మాత్రం సాధారణ పాలిథిన్ కన్నా బలహీనం.

దీనికి కారణం తేలికగానే అర్థమవుతుంది. గామా కిరణపు శక్తి రసాయన బంధపు శక్తి కన్నా లక్షల రెట్లు ఎక్కువ. దాని ముందు బలమైన బంధం, బలహీనమైన బంధం అన్న తేడా దాదాపు ఉండదు. కిరణం పదార్థంలోకి దూసుకుపోయినప్పుడు అక్కడక్కడా కార్బన్ గొలుసు తెగుతుంది. పాలిథిన్‌లో అలా ఏర్పడిన ముక్కలు పక్క గొలుసులతో అతుక్కుని వలలా అల్లుకుంటాయి, కాబట్టి పదార్థం కొంతవరకు గట్టిపడుతుంది. టెఫ్లాన్‌లో ఫ్లోరిన్ ఒర పక్క గొలుసులను దూరంగా ఉంచుతుంది. తెగిన కొన అతుక్కోవడానికి తోడు దొరకదు. రసాయన దాడి నుంచి కాపాడిన కవచమే ఇక్కడ గాయం మానకుండా అడ్డుపడుతుంది.

గాలి ఉంటే పరిస్థితి మరింత వేగంగా దిగజారుతుంది. తెగిన కొనకు ఆక్సిజన్ వచ్చి చేరి, అక్కడి నుంచి గొలుసు పొట్టిదవుతూ పోతుంది. చివర మిగిలే ఫ్లోరైడ్ సమూహం తేమ తగిలితే ఆమ్లంగా మారి హైడ్రోజన్ ఫ్లోరైడ్‌ను విడుదల చేస్తుంది. కొద్ది కిలోగ్రేల మోతాదుకే టెఫ్లాన్ పెళుసుబారడం మొదలవుతుంది. వైద్య పరికరాలను గామా కిరణాలతో శుభ్రపరిచేటప్పుడు సాధారణంగా వాడే మోతాదు 25 కిలోగ్రేలు. ఢిల్లీలోని శ్రీరామ్ పారిశ్రామిక పరిశోధన సంస్థ గామా కేంద్రం వంటి చోట్ల సిరంజీలు, డ్రెస్సింగులు ఈ పద్ధతిలోనే శుద్ధి అవుతాయి. టెఫ్లాన్ భాగాలున్న పరికరాలకు ఈ పద్ధతి తగదు. వాటిని వాయువుతోనో ఆవిరితోనో శుద్ధి చేయవలసిందే.

ఈ బలహీనతను పరిశ్రమ లాభసాటిగా మార్చుకుంది. మిగిలిపోయిన టెఫ్లాన్ తుక్కును ఎలక్ట్రాన్ పుంజాలతో లేదా గామా కిరణాలతో పెళుసుగా మార్చి, మెత్తగా పొడి చేసి, సిరాలలో, కందెనలలో కలుపుతారు. కరిగే ఉష్ణోగ్రతకు కాస్త పైన, ఆక్సిజన్ లేకుండా రేడియేషన్‌కు గురిచేస్తే అదే టెఫ్లాన్ గొలుసులు అల్లుకుని మరింత దృఢంగా మారతాయని 1990లలో జపాన్ పరిశోధకులు చూపారు. ఒకే కిరణం వేడిని బట్టి, గాలిని బట్టి ఒకచోట తెంచుతుంది, మరొకచోట ముడివేస్తుంది.

తుక్కును గాలిలో పొడి చేసే పద్ధతిలో ఒక చిక్కు దాగి ఉంది. తెగిన ముక్కలన్నీ పొడవుగా ఉండవు. వాటిలో కొన్ని ఎనిమిది కార్బన్లు మాత్రమే ఉన్న పెర్‌ఫ్లోరో ఆక్టనోయిక్ ఆమ్లంగా తేలతాయి. దానినే పీఎఫ్ఓఏ అంటారు. అందుకే ఐరోపా నిబంధనలు ఇలాంటి పొడులలో పీఎఫ్ఓఏ ఎంత ఉండవచ్చో ప్రత్యేకంగా పరిమితి విధించాయి. పెద్ద గొలుసు నీటిలో కరగదు, శరీరంలోకి ఇంకదు. చిన్న ముక్క నీటిలో కరుగుతుంది, రక్తంలో చేరుతుంది. సగం తెంచి వదిలేయడం తెంచకపోవడం కన్నా ప్రమాదకరం కావచ్చు.

నదిలో కలిసిన ఎనిమిది కార్బన్లు

పీఎఫ్ఓఏ టెఫ్లాన్ చరిత్రలోకి మరో దారిలో కూడా వచ్చింది. టెఫ్లాన్ తయారీలో సహాయక రసాయనంగా దానిని డ్యూపాంట్ 1951 నుంచి పశ్చిమ వర్జీనియాలోని పార్కర్స్‌బర్గ్ సమీప కర్మాగారంలో వాడింది. ప్లంకెట్ పుట్టిన రాష్ట్రానికి సరిహద్దుగా ప్రవహించే ఒహాయో నదిలోకి, చుట్టుపక్కల తాగునీటిలోకి అది చేరింది. పశువులు చనిపోతున్నాయని ఒక రైతు ఫిర్యాదు చేయడంతో న్యాయవాది రాబ్ బిలాట్ 1999లో కేసు వేశారు. ఆ పోరాటంలో భాగంగా సుమారు 69 వేల మంది రక్తనమూనాలు సేకరించారు. వాటిని పరిశీలించిన శాస్త్రవేత్తల సంఘం మూత్రపిండాల, వృషణాల క్యాన్సర్లు సహా ఆరు వ్యాధులకు పీఎఫ్ఓఏతో సంబంధం ఉండే అవకాశం ఉందని 2012 నాటికి తేల్చింది. 2019లో స్టాక్‌హోమ్ ఒప్పందం ఆ రసాయనాన్ని తొలగించవలసిన వాటి జాబితాలో చేర్చింది. 2023లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దానిని మానవులకు క్యాన్సర్ కలిగించే పదార్థంగా ప్రకటించింది.

ఇది ఎక్కడో అమెరికా నదికి పరిమితమైన కథ కాదు. ఇదే కుటుంబానికి చెందిన రసాయనాలు గంగా పరివాహక ప్రాంతంలో నది నీటిలోనూ, భూగర్భ జలాల్లోనూ ఉన్నట్టు 2016లో వెలువడిన అధ్యయనం తెలిపింది. ఢిల్లీ దాహం తీర్చే యమున ఆ పరివాహకంలోనిదే.

నీరు తానే ఆయుధమైతే

ఈ రసాయనాలను నీటి నుంచి వడకట్టడం సాధ్యమే. ఉత్తేజిత బొగ్గు, అయాన్ మార్పిడి రెసిన్లు వాటిని పట్టుకుంటాయి. అయితే పట్టుకోవడం వేరు, నాశనం చేయడం వేరు. వడపోత పదార్థంలో పేరుకున్న విషాన్ని మళ్లీ ఎక్కడో పారవేయక తప్పదు. ఇక్కడే రేడియేషన్ రసాయన శాస్త్రం ముందుకు వస్తోంది.

నీటి గుండా గామా కిరణాలో, ఎలక్ట్రాన్ పుంజమో ప్రసరిస్తే అధిక భాగం శక్తిని నీరే గ్రహిస్తుంది. ఆ శక్తికి నీటి అణువులు విచ్ఛిన్నమై మూడు చురుకైన పదార్థాలు పుడతాయి: హైడ్రాక్సిల్ రాడికల్, హైడ్రోజన్ పరమాణువు, నీటి అణువుల మధ్య చిక్కుకున్న ఒంటరి ఎలక్ట్రాన్. ఈ మూడోదాని ఉనికిని 1962లో హార్ట్, బోగ్ అనే శాస్త్రవేత్తలు దాని వర్ణపటం ద్వారా నిర్ధారించారు. మురుగునీటి శుద్ధిలో సాధారణంగా హైడ్రాక్సిల్ రాడికల్‌దే పైచేయి. కాలుష్య అణువు నుంచి హైడ్రోజన్‌ను లాగేసి దానిని కూలదోస్తుంది. పీఎఫ్ఓఏ తోకలో లాగడానికి హైడ్రోజన్ లేదు, అంతా ఫ్లోరినే. అందువల్ల ఆ రాడికల్ నిస్సహాయమవుతుంది. ఒంటరి ఎలక్ట్రాన్ మాత్రం ఫ్లోరిన్ వైపు ఆకర్షితమవుతుంది. అది అణువులోకి చేరితే ఒక ఫ్లోరిన్ ఫ్లోరైడ్ అయాన్‌గా బయటికి వస్తుంది. ఒరలో ఒక చోట చిల్లు పడ్డాక మిగతాది విప్పడం అంత కష్టం కాదు.

ఇది పనిచేయాలంటే నీటిని సిద్ధం చేయాలి. కరిగి ఉన్న ఆక్సిజన్ ఆ ఎలక్ట్రాన్లను ముందే దోచుకుంటుంది కాబట్టి దానిని తొలగించాలి. నీటిని క్షారగుణంగా ఉంచాలి. హైడ్రాక్సిల్ రాడికళ్లను అదుపు చేయడానికి కొంత ఆల్కహాలు కలపాలి. గాలిలో టెఫ్లాన్‌ను సగం తెంచి వదిలేసిన ఆక్సిజనే నీటిలో ఈ పనిని పూర్తి కానివ్వదు. ప్రయోగశాలల్లో ఫలితాలు ప్రోత్సాహకరంగా ఉన్నప్పటికీ విద్యుత్ ఖర్చు, పొట్టి గొలుసుల మొండితనం ఇంకా అవరోధాలుగానే ఉన్నాయి.

విజయానికి గుర్తుగా శాస్త్రవేత్తలు కొలిచేది నీటిలో పెరిగిన ఫ్లోరైడ్‌ను. ఆ పేరు వినగానే తెలుగు పాఠకులకు నల్లగొండ గుర్తుకు రావడం సహజం. ఇక్కడ పరిమాణం చాలా తక్కువ. ఒక మైక్రోగ్రాము పీఎఫ్ఓఏలోని పదిహేను ఫ్లోరిన్లూ విడివడినా పుట్టే ఫ్లోరైడ్ 0.7 మైక్రోగ్రాము లోపే. తాగునీటిలో భారత ప్రమాణాలు సూచించే పరిమితి లీటరుకు 1 మిల్లీగ్రాము, అంటే వెయ్యి మైక్రోగ్రాములు. పైగా ఫ్లోరైడ్‌ను పటికతో, సున్నంతో తొలగించే పద్ధతికి నల్లగొండ పేరే స్థిరపడింది. బంధంలో ఉన్న ఫ్లోరిన్‌కు అలాంటి చౌకైన విరుగుడు లేదు.

ఢిల్లీ నేర్చిన పాఠం

రేడియేషన్ పాలిమర్లను ఎలా మారుస్తుందో పరిశీలించే అవకాశం రాజధానిలోనే ఉంది. అరుణా అసఫ్ అలీ మార్గ్‌లోని అంతర విశ్వవిద్యాలయ యాక్సిలరేటర్ కేంద్రంలో పెల్లెట్రాన్ యంత్రం వెలువరించే వేగవంతమైన అయాన్లతో దేశంలోని పలు విశ్వవిద్యాలయాల పరిశోధకులు పాలిమర్ పొరలపై ప్రయోగాలు చేస్తుంటారు.

అదే రాజధాని రేడియేషన్ సాధనాన్ని నిర్లక్ష్యం చేస్తే ఏమవుతుందో కూడా చూసింది. ఢిల్లీ విశ్వవిద్యాలయ రసాయన శాస్త్ర విభాగంలో ఏళ్ల తరబడి వాడకుండా పడివున్న గామా పరికరాన్ని 2010లో వేలం వేశారు. మాయాపురి తుక్కు మార్కెట్‌లో దానిని విప్పగా కోబాల్ట్-60 బయటపడింది. ఒక కార్మికుడు మరణించాడు, మరికొందరు ఆసుపత్రి పాలయ్యారు. పైకి పాత ఇనుములా కనిపించిన దాని లోపల ఏముందో అమ్మినవారు గానీ, కొన్నవారు గానీ చూడలేదు. నీటిలోని విషాన్ని తెంచడానికి ఇలాంటి మూలాలనే వాడవలసి వస్తే, ఆ మూలాల అంతిమ బాధ్యత ఎవరిదన్నది ముందే తేలాలి. ఎలక్ట్రాన్ పుంజాల వైపు నేటి పరిశోధకులు మొగ్గడానికి ఇదీ ఒక కారణం. మీట నొక్కితే ఆ యంత్రం ఆగుతుంది, కోబాల్ట్ ఆగదు.

ప్లంకెట్ మిగిల్చినది

ప్లంకెట్ జీవితకాలంలో ఆయనకు గౌరవాలకు కొదవ రాలేదు. 1951లో ఫిలడెల్ఫియా నగరం జాన్ స్కాట్ పతకం ఇచ్చింది. 1985లో అమెరికా జాతీయ ఆవిష్కర్తల సత్కార మందిరంలో ఆయన పేరు చేరింది. పదవీ విరమణ తరువాత టెక్సస్ రాష్ట్రంలో స్థిరపడి, 1994 మే 12న కార్పస్ క్రిస్టీలో తన 83వ ఏట కన్నుమూశారు. పార్కర్స్‌బర్గ్ కేసు అప్పటికి ఇంకా మొదలుకాలేదు.

తరువాత జరిగిన దానికి ఆయనను దోషిగా నిలబెట్టడం న్యాయం కాదు. పీఎఫ్ఓఏ వాడకాన్ని నిర్ణయించింది ఆయన కాదు. ఆయన కాలంలో ఒక పదార్థం ఎంతకాలం మన్నుతుందని అడిగేవారే తప్ప, మన్నిక తీరాక ఎక్కడికి పోతుందని ఎవరూ అడగలేదు. ఈ కుటుంబపు రసాయనాలను నేడు శాశ్వత రసాయనాలని పిలుస్తున్నారు. ఆ పేరులో భయం ఎంత ఉందో అతిశయోక్తి కూడా అంత ఉంది. నీటిలో తిరిగే ఒక ఒంటరి ఎలక్ట్రాన్ ఆ శాశ్వతత్వాన్ని భంగపరచగలదు, దానికి తగిన పరిస్థితులు మనం కల్పించగలిగితే.

1938 నాటి ఆ ఉదయం ప్లంకెట్ చేసిన పని చాలా చిన్నది. ఖాళీ అనుకున్న సిలిండర్‌ను పారవేయకుండా తూకం వేశారు. నదుల్లో, రక్తంలో, తుక్కు దుకాణాల్లో కంటికి కనిపించకుండా పేరుకున్న వాటి విషయంలో నేటి శాస్త్రానికి, పాలకులకు మిగిలిన పని కూడా దాదాపు అదే: లేదనుకుని వదిలేయకుండా ముందు కొలిచి చూడటం.